మూడో తీగ, పన్నెండో మెట్టు

ఇంటా బయటా అతన్ని అందరూ పాముచెవులనే పిలుస్తారు. ఎగతాళికి పెట్టిన పేరు కాదది, భయంతోనూ గౌరవంతోనూ పెట్టింది. పక్కగదిలో ఎవరో గిటారు శ్రుతి చేసుకుంటుంటే ఈ గదిలో టీ చప్పరిస్తూ "రెండో తీగ ఇంకో వెంట్రుకవాసి బిగించమనండి" అనేసేవాడు. వాళ్లు బిగించేవాళ్లు. సరిపోయేది. రికార్డింగు స్టూడియోల్లో గిటారు వాయించడం అతని పని. వాయించేవాళ్లకేం, వీధికి నలుగురున్నారు. కొత్త వాయిద్యం ఒళ్లో పెడితే దాని గుట్టంతా కక్కించి, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని మొహం మీదే చెప్పగలిగే చెవి మాత్రం అతని ఒక్కడిదే. తనకి అన్నం పెడుతున్నది వేళ్లు కాదు, చెవులేనని అతనికీ తెలుసు.

అలాంటివాడు ఆ రోజు పొద్దున్న, తన కోసమే, తన అరచేతి కొలతతో తయారైన ఎలక్ట్రిక్ గిటారు ఒళ్లో పెట్టుకుని, మూడో తీగని పన్నెండో మెట్టు మీద నొక్కి మీటాడు. స్వరం పలికింది. పలికింది గానీ నిలబడలేదు. పక్క మెట్ల మీద మీటితే తీరిగ్గా సాగి సాగి ఆగుతోంది. ఇక్కడ మాత్రం ఎవరో నోరు మూసినట్టు చటుక్కున పోయింది. ఇంకోసారి మీటాడు. మళ్లీ అంతే. అతని గుండెలో రాయి పడింది.

"ఎలా ఉందిరా?" ఎదురుగా నిలబడ్డ బావ గట్టిగా అరిచాడు.

బావంటే అక్క మొగుడు. గిటార్లు చేయడం తప్ప ఇంకో లోకం ఎరగని మనిషి. ఇంటి వెనక రేకుల షెడ్డులో పొద్దస్తమానం రంపాలూ మరలూ గీపెడుతూ ఉంటే, కనుబొమల దాకా పొట్టు పేరుకుని, పిండి మరలోంచి లేచొచ్చినట్టు తిరుగుతుంటాడు. ఈ ఒక్క గిటారు మీద ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మెత్తగా పిసికిన మట్టిముద్ద చేతికిచ్చి, "ఊఁ, నీ పాత గిటారు మెడ పట్టుకున్నట్టే పట్టుకో" అని, బామ్మర్ది గుప్పిట్లో పడిన అచ్చుని బట్టి మెడ చెక్కాడు. వాడి చిటికెన వేలు పొట్టిదని అటువైపు ఇంకాస్త సన్నం చేశాడు. అక్క ఇంట్లోంచి అన్నం చల్లారిపోతోందని కేకలేస్తున్నా ఉలుకూ పలుకూ లేకుండా చిత్రిక పడుతూనే ఉండేవాడు.

అన్నిటికన్నా వింత, బావ వినే పద్ధతి. గిటారు తల మీద, బిరడాల పక్కన, మడతపెట్టిన గుడ్డపేలిక వేసి, దాన్ని పళ్లతో గట్టిగా కరిచిపట్టుకుంటాడు. కళ్లు మూసుకుని ఒక్కో మెట్టూ మీటుకుంటూ పోతాడు. కొయ్య లోపలి మాట చెవికి సగమే అందుతుందట, మిగతా సగం దవడ ఎముకకి తెలుస్తుందట. "చేస్తున్నావా, తింటున్నావా బావా?" అని పాముచెవులు ఎన్నిసార్లు ఏడిపించాడో లెక్కలేదు. ఏడిపిస్తే ఏడిపించాడు గానీ, ముందు ఆ దవడ ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఈ చెవి ఒప్పుకోవాలి. ఇద్దరూ సరేనంటే తప్ప ఏ గిటారూ ఆ షెడ్డు గడప దాటదు. అది బావా బామ్మర్దుల మధ్య ఎప్పట్నుంచో ఉన్న ఒప్పందం.

సరే, కొత్త గిటారులో ఒకచోట స్వరం చచ్చింది. కొంపలేం మునగలేదు. మెడ కొయ్యకి దాని బుద్ధి దానికుంటుంది. ఏదో ఒక స్వరం దగ్గర తీగతో పాటు తానూ ఊగి, ఆ కదలికంతా మింగేస్తుంది. ఈ మాట అనేస్తే బావ కాసేపు తల గోక్కుని, ఏదో ఒకటి చేసేవాడు. పాముచెవులు అనబోయాడు కూడా. అనేముందు అలవాటు కొద్దీ అదే స్వరాన్ని పక్క తీగ మీద, ఇంకో మెట్టు దగ్గర వెతికి మీటాడు. అక్కడా నీరసంగానే పలికి, తొందరగానే పోయింది.

అప్పుడు పట్టుకుంది భయం. తీగ మారింది, మెట్టు మారింది, పోతున్న స్వరం మాత్రం అదే. మరి తప్పు కొయ్యదా? లేక తన చెవిదా?

వాళ్ల నాన్న సరిగ్గా ఈ వయసుకే మొదలెట్టాడు. నేత మిల్లులో పనిచేసేవాడు. మొదట్లో పిట్టల కూత వినపడటం లేదన్నాడు, తర్వాత తలుపు చప్పుడన్నాడు. చివరికి ఎవరేం చెప్పినా నవ్వుతూ తలాడించేవాడు. "ఆకలేస్తోందా నాన్నా?" అంటే నవ్వి తలాడించేవాడు, "పక్కింటాయన పోయాడు నాన్నా" అన్నా నవ్వి తలాడించేవాడు. ఆ నవ్వుని పాముచెవులు ఇప్పటికీ మర్చిపోలేదు. మిల్లు రొద వల్లనే పోయిందని డాక్టరు అన్నాడట గానీ, అది ఒంట్లోనే ఉందేమో, తనకీ వస్తుందేమోనని మనసులో ఒక మూల పీకుతూనే ఉండేది.

"ఏరా, నిన్నే! ఎలా ఉంది?" బావ మళ్లీ అరిచాడు.

ఎందుకంత అరుస్తున్నాడు? ఎదురుగానే ఉన్నాడుగా, మూరెడు దూరం కూడా లేదు. కొన్నాళ్లుగా బావ తనతో ఇలాగే అరిచి మాట్లాడుతున్నాడన్న సంగతి అప్పుడే పాముచెవులకి తట్టింది. అంటే నాకు వినపడటం లేదని వీళ్లకి ముందే తెలుసా?

"బ్రహ్మాండంగా ఉంది బావా" అనేశాడు.

"ఏంటీ?"

"బ్రహ్మాండం!"

"అన్ని మెట్లూ చూశావా? మూలమూలలా?"

"చూశా. వంక పెట్టడానికి లేదు."

బావ మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. మొట్టమొదటిసారిగా పాముచెవులు వాయిద్యం విషయంలో అబద్ధం ఆడాడు, అదీ ఎవరితో, బావతో. బావకి అదేం తెలుసు పాపం. "అయితే దీని జంటది మొదలుపెట్టేస్తా! గిటారు వాయిస్తూ పాడే గాయని ఒకామె ఎప్పట్నుంచో అడుగుతోంది. ఇదే పలకలో మిగిలిన కొయ్య, ఇదే మెడ, ఇవే కొలతలు!" అంటూ షెడ్డంతా దద్దరిల్లేలా చెప్పాడు.

భోజనం చేసి పొమ్మని అక్క పట్టుబట్టింది. ఆ భోజనం ఎలా దిగిందో అతనికే తెలియాలి.

"కూర వెయ్యనా?" అంది అక్క. అతను నోరు తెరిచేలోపే "కూర వెయ్యనా అంటున్నా!" అని కేకేసింది. "నీళ్లు కావాలా? నీళ్లు!" అని చెంబు ఎత్తి చూపించింది. ప్రతి మాటా రెండుసార్లు, రెండోసారి మరీ గొంతు చించుకుని, పైగా చేత్తో సైగలు. పక్కన టీవీలో వార్తలు చదివేవాడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. బావ మాత్రం అన్నం కలుపుకుంటూ నవ్వుతూ తలాడిస్తున్నాడు. అక్క ఒకటి రెండుసార్లు తమ్ముడి మొహంలోకి అదోలా చూసి, ఏదో చెప్పబోయి మింగేసింది. చూశావా, జాలిపడుతోంది, అనుకున్నాడు పాముచెవులు. నాన్నని చూసిన కళ్లే కదా అవి, ఇట్టే పట్టేశాయి. చెయ్యి కడుక్కుని, గిటారు పెట్టె భుజాన వేసుకుని, తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాడు.

ఇంటికొచ్చాక ఇంకోటి.

"మూడుసార్లు చెప్పాను కుళాయి కట్టమని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నాకు" అంది ఇంటావిడ.

అతనికి పైప్రాణం పైనే పోయింది. "నిజంగా మూడుసార్లు చెప్పావా?"

"మూడు కాదు, ముప్పైసార్లు చెప్పినా అంతే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఏనాడు విన్నారు గనక!"

ఏ మొగుడైనా ఈ మాటకి నవ్వి ఊరుకుంటాడు. అతను ఊరుకోలేకపోయాడు. నిజంగా వినలేదా, విని పట్టించుకోలేదా? పెళ్లాం మాటల్లో ఈ తేడా కనిపెట్టడం ఎంత చెవి ఉన్నవాడికైనా కష్టమే. పైగా అడిగిన కొద్దీ ఆవిడకి అనుమానం పెరుగుతోంది. "ఏమైంది మీకు, మొహం అలా ఉంది?" అంటే, "ఏం లేదు, ఎండ" అని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

గదిలో మంచం కింద పాత గిటారుంది. దాన్ని తీసి ఆ స్వరం మీటి చూస్తే తేలిపోతుంది. దాని మీద ఖంగున మోగితే చెవి క్షేమం, మోగకపోతే... అతను మంచం కిందికి వంగాడు, పెట్టె పైకి లాగాడు, గొళ్లెం మీద వేలు పెట్టాడు. తీయలేకపోయాడు. తీయనంతసేపు తాను పాముచెవులే. తీశాక ఏమవుతాడో? పెట్టెని కాలితో లోపలికి తోసేసి, మంచం మీద కూలబడ్డాడు.

డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా అంటారా? పోవచ్చు. చెప్పడం సులువు. డాక్టరు ఒక్క మాట అన్నాడంటే అది స్టూడియోలన్నిటికీ పాకడానికి పూట పట్టదు. కొత్త గిటార్ల మంచిచెడ్డలు చెప్పమని అడిగే దుకాణంవాళ్లు మొహం చాటేస్తారు. ఎదుటపడ్డ ప్రతివాడూ అక్కలాగా సైగలు చేస్తాడు. ఆఖరికి తానూ ఏదో ఒక గుమ్మంలో కూర్చుని, చావు కబురు చెప్పినా నవ్వి తలాడిస్తుంటాడు. అందుకని పోలేదు. దానికి బదులు బస్సులో కూర్చుని బొటనవేలూ చూపుడువేలూ రాపాడిస్తూ, ఒకసారి కుడిచెవి దగ్గర, ఒకసారి ఎడమచెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. వినపడినట్టే ఉండేది. నిజంగా వినపడిందో, రాపాడిస్తున్నానని తెలుసు గనక అనిపించిందో తేలేది కాదు. పక్క సీటాయన ఇతన్ని ఎగాదిగా చూసి వెనక సీటుకి మారిపోయాడు.

స్టూడియోలో ఇంకా ఘోరం. కొత్త గిటారు తెచ్చాడని తెలిసి రికార్డిస్టు సంబరపడ్డాడు. పాముచెవులు ఆ ఒక్క స్వరం దగ్గరికి పోకుండా, గుంత తప్పించి బండి నడిపినట్టు అటూ ఇటూ తిప్పి వాయించాడు.

"ఇంకోసారి" అన్నాడు అద్దానికి అవతల నుంచి రికార్డిస్టు.

ఇంకోసారి వాయించాడు.

"ఇంకోసారి."

చేతులకి చెమట పట్టింది. వేళ్లు జారుతున్నాయి. ఎక్కడ తప్పింది? శ్రుతి పోయిందా? పోతే నాకెందుకు తెలియలేదు? అడిగితే "నీకు వినపడలేదా?" అంటాడేమోనని భయం. నాలుగోసారీ అదే మాట అనేసరికి లేచి పారిపోదామనుకున్నాడు.

"ఏం లేదన్నా, ఇక్కడ వైరు వదులైంది. నువ్వు బంగారంలా వాయించావు" అన్నాడు రికార్డిస్టు చివరికి, తల ఎత్తకుండానే.

నమ్మాలిగా! నన్ను నొప్పించలేక వైరు మీద పెట్టాడు అనుకున్నాడు పాముచెవులు. భయం పట్టినవాడికి మంచిమాట కూడా దెబ్బలాగే తగులుతుంది మరి.

అలా రోజులు ఈడుస్తుండగా ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది. ఫోనులోనూ అదే కేక. "మీ బావ ఆ రెండో గిటారు మెడ రేపు అతికించేస్తాడట. నువ్వొకసారి వచ్చి చూడరా. వచ్చి చూడు అంటున్నా!"

ఫోను పెట్టేసి లెక్కలేసుకున్నాడు. తన చెవే పోయిందనుకో, బావకి వచ్చిన నష్టం లేదు, రెండో గిటారు కూడా నిక్షేపంలా ఉంటుంది. ఒకవేళ చెవి సరైనదే అయితే? తన ఒక్క అబద్ధం వల్ల అదే పలకతో, అదే జబ్బుతో ఇంకోటి తయారై పరాయివాళ్ల చేతికి పోతుంది. వాళ్లు వాయిస్తారు, ముఖం చిట్లిస్తారు. ఆ గిటారు మీద ఉండేది బావ పేరు. ఎటు తిప్పినా పరీక్ష చేయక తప్పేట్టు లేదు. ఆ పరీక్ష ఏమిటో అతనికి మొదటిరోజే తెలుసు. కొయ్యముక్కల్ని అదిమిపట్టే బరువైన క్లాంపు ఒకటి గిటారు తలకి బిగిస్తే మెడ ఊగే తీరు మారుతుంది. తప్పు కొయ్యదైతే చచ్చిన స్వరం అక్కడ లేచి కూర్చుంటుంది. లేవకపోతే తప్పు కొయ్యది కాదు. అంతే. బావ షెడ్డులో క్లాంపులు గోడనిండా వేలాడుతుంటాయి. అన్ని రోజులూ వాటిని తలుచుకుంటే చాలు, అతని ఒళ్లు జలదరించేది.

గిటారు తీసుకుని వెళ్లాడు. షెడ్డులో మరలన్నీ ఆగి ఉన్నాయి. బావ గుమ్మానికి వీపు పెట్టి, కొత్త మెడని మోకాళ్ల మీద పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

"బావా."

పలకలేదు.

"బావా!"

ఊహూఁ. నా మాట బయటికి వచ్చిందా, లోపలే ఆగిందా? నా గొంతు కూడా నాకు సరిగ్గా తెలియడం లేదా? రెండడుగులు ముందుకేశాడు. నీడ మీద పడేసరికి బావ ఉలిక్కిపడి చూశాడు.

"ఓరి నీ! దొంగలా వచ్చావేంట్రా? కూర్చో కూర్చో. చూడు, దీని చెల్లెలు ఎలా ఉందో!" అని మెడ చూపించాడు. నున్నగా, లేత తేనె రంగులో ఉంది. రేపు దానికి జిగురు పూస్తారు.

పాముచెవులు దానివైపు చూడలేదు. తన గిటారు తీసి, వైరు తగిలించి, అక్క వింటుందేమోనని ఆంప్ శబ్దం బాగా తగ్గించి పెట్టుకున్నాడు. గోడ మీద ఉన్నవాటిలోకెల్లా బరువైన ఇనప క్లాంపు తీశాడు. అది రెండుసార్లు చేజారి పొట్టులో పడింది.

"ఏంట్రా చేస్తున్నావు?"

"ఉండు బావా. ఒక్క నిమిషం."

ముందు క్లాంపు లేకుండా మీటాడు. మూడో తీగ, పన్నెండో మెట్టు. చటుక్కున పోయింది. గిటారు తలకి గుడ్డ చుట్టి క్లాంపు బిగించాడు. వేలు ఆనించాడు. తన తిండి, తన పేరు, నాన్న నవ్వు, అన్నీ ఆ తీగ మీదే ఉన్నట్టనిపించింది. కళ్లు మూసుకుని మీటాడు.

స్వరం లేచింది. లేచి, నిలబడింది. సాగింది, ఇంకా సాగింది, షెడ్డు మూలకి పోయి తిరిగొచ్చినట్టు తీరిగ్గా సన్నబడి, చివరి నూలుపోగు దాకా వినపడింది. ఆ నూలుపోగు కూడా వినపడింది మరి!

పాముచెవులకి కళ్లనీళ్లు తిరిగాయి. "కొయ్యదే బావా! తప్పు కొయ్యదే! నాది కాదు!" అని అరిచి, క్లాంపు విప్పి మీటాడు, బిగించి మీటాడు, మళ్లీ విప్పాడు. పిల్లాడికి బొమ్మ దొరికినట్టే. "తేడా తెలుస్తోందా? ఇదిగో ఇది బతికింది, ఇది చచ్చింది. విన్నావా?"

"ఆఁ ఆఁ, తెలుస్తోంది. బ్రహ్మాండం!" అన్నాడు బావ నవ్వుతూ తలాడించి.

ఆ ఆడించిన తల చూసి పాముచెవుల చేతులు ఆగిపోయాయి. బావ బ్రహ్మాండమన్నది చచ్చిన స్వరాన్ని. అదైనా పొరపాటనుకోవచ్చు. కానీ ఆ నవ్వు... ఆ నవ్వుని అతను ఎరుగును. చిన్నప్పుడు కాదు, పెద్దయ్యాక, ఇంటి గుమ్మంలో నాన్న మొహంలో చూసిన నవ్వు.

వద్దు వద్దనుకుంటూనే చెయ్యి ఎత్తాడు. తీగకి తగలకుండా, గాలిలోనే, మీటినట్టు ఆడించాడు. షెడ్డులో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

"ఇది?" అన్నాడు.

"ఇది ఇంకా బాగుందిరా!" అన్నాడు బావ.

పాముచెవులకి ఇన్నాళ్ల అరుపులూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అక్క ప్రతిమాటా రెండుసార్లు కేకేసింది తన కోసం కాదు. ఆ ఇంట్లో అలా మాట్లాడటం అలవాటైపోయింది. టీవీ అంత గట్టిగా మోగింది తన కోసం కాదు. అన్నం చల్లారిపోతోందన్నా బావ కదలకపోవడం పని మీద ధ్యాసే కాదు. అక్క చెప్పబోయి మింగేసింది ఇదే.

గుమ్మంలో అక్క వచ్చి నిలబడింది. ఎప్పుడొచ్చిందో, గాలిలో చెయ్యి ఆడించడం చూసేసింది. "తెలిసిపోయిందా" అంది, ఈసారి మెల్లిగా. మెల్లిగా మాట్లాడితే ఆమె గొంతు అంత బాగుంటుందని అతను మర్చిపోయాడు. "నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడురా."

బావ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నవ్వు కొంచెం కొంచెంగా ఊడిపోయింది. ఏమీ దాచడానికి లేదని అర్థమైన మనిషిలా స్టూలు మీద చతికిలబడ్డాడు.

"మొత్తం పోలేదు. మొహం చూస్తుంటే మాట తెలుస్తుంది" అన్నాడు. "ఆ మరల దగ్గర ఇన్నేళ్లు నిలబడ్డానుగా. పోనీలే, నాకు దవడ ఉంది. ఇదిగో దీనిలో ప్రతి మెట్టూ పంటితో పట్టి చూశాను. ఒక్కటి కూడా చావలేదు. ఏదిరా చచ్చింది? వాయించు!"

చిన్నపిల్లాడిలా పంతంగా వంగి, గుడ్డపేలిక వేసి గిటారు తలని పళ్లతో గట్టిగా పట్టుకున్నాడు. కళ్లతోనే కానిమ్మన్నాడు.

పాముచెవులు మీటాడు. మూడో తీగ, పన్నెండో మెట్టు. స్వరం హాయిగా, నిండుగా, క్లాంపు ఉన్నప్పటి కంటే కూడా బాగా పలికి నిలబడింది. బావ కళ్లు విజయంతో మెరిశాయి. పాముచెవులు మాత్రం ఆయన దవడ వైపే చూశాడు. ఆయన తలే క్లాంపు! అంత బరువు తల, అంత గట్టిగా బిగించిన దవడ. ఆయన పట్టుకుంటే ఆ స్వరం ఎందుకు చస్తుంది?

బావ వదిలాడు. పాముచెవులు మీటాడు. పోయింది.

ఎదురుగా వంగి, మొహం మొహంలో పెట్టి, పెదవులు తెలిసేలా చెప్పాడు. "నువ్వు పట్టుకున్నంతసేపూ పలుకుతోంది బావా. వదిలేస్తే పోతోంది."

బావకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. జీవితమంతా కొయ్యతో గడిపిన మనిషి. చేత్తో దవడ తడుముకున్నాడు. మొహం పాలిపోయింది. తాను ఏది పరీక్ష చేసినా, పరీక్ష చేస్తున్నంతసేపు బాగానే ఉంటుంది. పక్కనపెట్టాక ఎలా ఉంటుందో ఇక తనకి ఎప్పటికీ తెలియదు.

"మరి ఆ రోజు బ్రహ్మాండం అన్నావుగా" అన్నాడు. అరవలేదు. మొట్టమొదటిసారి మామూలు గొంతుతో అన్నాడు.

"భయమేసింది బావా. నా చెవులే పోయాయనుకున్నా. నాన్నకి పోయినట్టు."

"నీకా?" అని బావ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నీకెందుకు చెప్పలేదో తెలుసా? చెబితే జాలిపడి ప్రతిదానికీ బాగుందంటావని. నాకు ఉన్నది నీ చెవులే కదరా. వాటికి జాలి అంటకూడదనుకున్నా."

అక్క పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. క్షమించమంటే ఆ మాట ఎంత చిన్నదిగా ఉంటుందో పాముచెవులకి తెలుసు. తన చెవులు తనకి దక్కాయన్న సంతోషం కాసేపటి క్రితమే కదా కలిగింది, అదిప్పుడు ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేం.

బావ లేచాడు. రెండో గిటారు మెడని తీసి గోడకి ఆనించాడు. సొరుగులోంచి సీసపు బిళ్ల ఒకటి తీసి, గిటారు తల వెనక అంటించి, గట్టిగా అదిమాడు. బరువు కుదిరితే స్వరం బతుకుతుంది, లేకపోతే ఇంకో బిళ్ల. ఎలా చేయాలో ఆయనకి తెలియనిది కాదు. ఎక్కడ ఆపాలో చెప్పేవాడే కావాలి.

"వాయించు" అన్నాడు.

పాముచెవులు మీటాడు. బావ గిటారు వైపు చూడలేదు. బామ్మర్ది మొహాన్నే, రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"ఇంకా పోతోంది బావా."

బావ తలాడించాడు, నవ్వకుండా. ఇంకో బిళ్ల కోసం సొరుగులో చెయ్యి పెట్టి, అక్కడే ఆగిపోయాడు.

"పోతోందని నువ్వంటే నమ్ముతానురా" అన్నాడు. "బతికిందని నువ్వనే పూట, నేనెలా నమ్మాలి?"